కెనడా ల్యాండింగ్ ప్యాకేజీ: విమానం ఎక్కేదాకా పైసా వసూల్, దిగాక దండగ

కెనడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు) వచ్చిందని చుట్టాలకి తెలిసేలోపే ల్యాండింగ్ (పీఆర్‌తో మొదటిసారి అక్కడ దిగడం) ప్యాకేజీలు అమ్మేవాళ్ళకి తెలిసిపోతుంది. మాకూ అలాగే ఫోన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆఫీసు, కెనడా అల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీలో ఒక పార్ట్‌నర్. కుటుంబానికి 45 వేలు, పైన జీఎస్టీ. అందులో వెళ్ళేముందు కౌన్సెలింగ్, కాగితాల తనిఖీ, సామాన్ల లిస్టు, టికెట్లు. అక్కడ దిగాక ఎయిర్‌పోర్టు పికప్, వారం పాటు ఉండడానికి చోటు, సిన్ నంబరు (అక్కడ ఉద్యోగానికి, పన్నులకి కావలసిన గుర్తింపు సంఖ్య), బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు. మేము తీసుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి అమ్మేవాళ్ళ దగ్గర ఉండేది కాస్త అటూ ఇటూగా ఇదే సరుకు కాబట్టి, ఇందులో దేనికి డబ్బు పెట్టొచ్చో, దేనికి అక్కర్లేదో చెబితే చాలనిపించింది.

మేము ముగ్గురం: నేను, మా ఆయన, రెండో క్లాసు చదివే మా వాడు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ (నైపుణ్యమున్న ఉద్యోగులకి పీఆర్ ఇచ్చే పథకం) కింద అప్లికేషన్ నా పేరు మీదే. 2025 ఫిబ్రవరిలో వెళ్ళాం. ఎండాకాలంలో వెళ్తే బాగుండునని అందరూ అన్నారుగానీ మెడికల్స్ చేయించుకున్న తేదీని బట్టి వీసాకీ, సీఓపీఆర్ (పీఆర్ ఇచ్చామని ధ్రువీకరించే) కాగితానికీ గడువు పడుతుంది. సాధారణంగా మెడికల్స్ 12 నెలలే చెల్లుతాయి, ఈలోపు పాస్‌పోర్టు గడువు అయిపోతే ఇంకా తక్కువ. ఆ తేదీ పొడిగిస్తారన్న ఆశ పెట్టుకోకూడదు. కాబట్టి చలి, మంచు అని ముహూర్తాలు చూసుకునే అవకాశం మాకు లేదు.

ముందు మెచ్చుకోవలసింది కాగితాల తనిఖీ. ఆ సీట్లో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు, కానీ పని మీద పట్టు ఉంది. మా ఆయన ముందుగా వెళ్ళి ఇల్లు చూసి పెడితే నేనూ బాబూ తరవాత వెళ్దామన్న ఆలోచన మా ఇంట్లో నడుస్తోంది. ఆ అమ్మాయి ఒక్క మాటలో తేల్చేసింది: "మేడమ్, ప్రిన్సిపల్ అప్లికెంట్ మీరు. మీతో పాటు రావచ్చు, మీ తరవాత రావచ్చు. మీకంటే ముందు సార్ ల్యాండ్ అవ్వకూడదు." ఆ తరవాత పెళ్ళి, పిల్లలు, విడాకులు లాంటి మార్పులు ఏవైనా ఉన్నాయా అని అడిగింది. వీసా వచ్చాక బిడ్డ పుట్టినా, పెళ్ళయినా విమానం ఎక్కకముందే ఇమిగ్రేషన్ శాఖకి చెప్పాలి. చెప్పకుండా దిగితే ఆ మనిషిని తరవాత స్పాన్సర్ చేయడానికి కూడా దారి మూసుకుపోవచ్చు. సీఓపీఆర్ మీద ఇంట్లో కూర్చుని సంతకం పెట్టొద్దని, అక్కడ ఆఫీసర్ ఎదురుగా పెట్టాలని రెండుసార్లు చెప్పింది.

ఇంతకంటే పెద్ద ఉపకారం టికెట్ల దగ్గర చేసింది. చిత్రమేమిటంటే ఆమె వద్దన్న టికెట్ పట్టుకొచ్చింది వాళ్ళ టికెట్ల డెస్కే. హైదరాబాద్ నుంచి కెనడాకి నేరుగా విమానం లేదు. వాళ్ళు మధ్యలో ఒక చోట మారి టొరంటో, అక్కడినుంచి కాల్గరీ అని చూపించారు. చూడ్డానికి బాగానే ఉంది, ధరా తక్కువే. కానీ టొరంటోలో దిగడానికీ, తరవాతి విమానానికీ మధ్య గంటా నలభై నిమిషాలే. కెనడా నేల మీద మొదట ఎక్కడ దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే కస్టమ్స్. కాల్గరీ వెళ్ళాక చేసుకుందామంటే కుదరదు. కొత్త పీఆర్‌ని పక్క గదికి పంపిస్తారు, అక్కడ క్యూ ఉంటుంది, తరవాత పెట్టెలు తీసుకుని సామాన్ల లిస్టు మీద ముద్ర వేయించుకుని, పెట్టెలు మళ్ళీ బెల్టు మీద వెయ్యాలి. మన అమ్మాయి ఆ టికెట్ చూసి, పక్క టేబుల్‌కి వెళ్ళి, "ల్యాండింగ్ వాళ్ళకి ఇది వద్దని ఎన్నిసార్లు చెప్పాలన్నా?" అని అక్కడే అడిగేసింది. చివరికి టొరంటోలో ఐదు గంటలు ఖాళీ ఉన్న టికెట్ తీసుకున్నాం. నిజానికి అందులో సగానికి పైగా క్యూల్లోనే పోయింది. పసిపిల్లలు ఉన్నవాళ్ళు, డబ్బు సర్దుకోగలిగితే, దిగబోయే ఊళ్ళోనే మొదటి ఎంట్రీ పడేలా చూసుకోవడం మేలు.

ఇక సామాన్ల లిస్టు. ప్యాకేజీ మొత్తంలో నేను డబ్బులిచ్చి మళ్ళీ కొనేది ఏదైనా ఉంటే ఇదే.

కొత్తగా స్థిరపడడానికి వచ్చేవాళ్ళు తమ ఇంటి సామాను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. షరతు ఏమిటంటే అవి మనవై, మన దగ్గర ఉండి, రాకముందే మనం వాడినవై ఉండాలి. ప్రయాణం కుదిరిందని డబ్బా విప్పని కుక్కర్లు, ట్యాగు తీయని చీరలు కొనుక్కుని పోతే అవి ఆ లెక్కలోకి రావు, విడిగా చూపించాలి. కొత్తగా పెళ్ళయిన జంటల పెళ్ళి కానుకలకి మాత్రం మినహాయింపు ఉంది, రాకకి ముందుగానీ తరవాతగానీ మూడు నెలల లోపు పెళ్ళి అయి ఉంటే. బీఎస్‌ఎఫ్ 186 అనే కెనడా కస్టమ్స్ ఫారం ఉంటుంది, అందులో రెండు భాగాలు: ఇప్పుడు వెంట తెచ్చినవి, తరవాత వచ్చేవి. రెండో భాగాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారట. నా వీణ పుట్టింట్లో ఉంది. విమానంలో ఎలా తెస్తానని దాని గురించి నేను ఊసే ఎత్తలేదు. ఆ అమ్మాయే అడిగింది, "ఇండియాలో ఇంకేం వదిలేసి వెళ్తున్నారు మేడమ్?" అని. అప్పుడు రెండో భాగంలో వీణ, మా నాన్నగారి పుస్తకాల అల్మరా, కుట్టుమిషన్ ఎక్కాయి. మొదటి రాకలో రాయించకపోతే తరవాత వచ్చినప్పుడు వాటికి సుంకం కట్టమనే అవకాశం ఉంది.

బంగారం దగ్గర ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. "అవన్నీ వాళ్ళకెందుకు చెప్పడం అమ్మా, మెళ్ళో వేసుకుని వెళ్ళిపో" అని మా అత్తయ్య. ఆఫీసులో మాత్రం ఒక్కో నగకి ఒక్కో వరుస రాయించారు. నల్లపూసల గొలుసు, 22 క్యారెట్లు, ఇన్ని గ్రాములు, మధ్యలో లక్ష్మి బిళ్ళ ఉన్నది. పక్కనే విలువ కెనడా డాలర్లలో. తెల్లగుడ్డ మీద పెట్టి ఫొటో తీసి, ప్రింటు వేసి, దాని మీద నగల షాపు వాళ్ళ సంతకం, తేదీ వేయించుకు రమ్మన్నారు. షాపాయన కళ్ళజోడు సవరించుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇది దేనికి తల్లీ, లోనుకా?" అని అడిగాడు. కెనడా కస్టమ్స్ వాళ్ళు నగల విషయంలో కోరేది సరిగ్గా ఇదే: షాపువాళ్ళ విలువ పత్రంలో ఉన్న వర్ణన, వాళ్ళు సంతకం చేసి తేదీ వేసిన ఫొటో. విడిగా ఒక్క వస్తువు విలువే 10,000 డాలర్లు దాటితే, పైమొత్తానికి సుంకం పడుతుంది. మా కాసులపేరు ఆ గీతకి కాస్త ఇవతల ఆగింది. సుంకం లేకుండా తెచ్చుకున్నవాటిని ఏడాదిలోపు అమ్మినా, ఎవరికైనా ఇచ్చేసినా కట్టాల్సి వస్తుందని కూడా చెప్పారు. ఈ నగలతోనే మళ్ళీ ఇండియా వచ్చిపోయేవాళ్ళు శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగొచ్చినప్పుడు గొడవ ఉండదు.

టొరంటోలో ఆఫీసరమ్మ ఆ కాగితాలు తిరగేసి, రెండు నగలు చూపించమంది, వీణ అంటే ఏమిటని అడిగింది, ముద్ర కొట్టి ఒక కాపీ చేతిలో పెట్టింది. పక్క కౌంటర్లో ఒకాయన సూట్‌కేసు మూత మీద పెట్టుకుని అప్పటికప్పుడు లిస్టు రాసుకుంటున్నాడు, భార్య ఒక్కొక్కటీ గుర్తుచేస్తోంది. అది చూశాక 45 వేల మీద నాకున్న కోపం కొంత తగ్గింది.

డబ్బు విషయంలో కౌన్సెలింగ్ ఫర్వాలేదు. మేము వెళ్ళేనాటికి ముగ్గురున్న కుటుంబం అక్కడ స్థిరపడే ఖర్చుకి 22,483 కెనడా డాలర్లు ఉన్నట్టు చూపించాల్సి ఉండేది. ఇండియా నుంచి ఒక మనిషి ట్రిప్పుకి నోట్ల రూపంలో తీసుకెళ్ళగలిగింది 3,000 అమెరికన్ డాలర్ల విలువ వరకే, మిగతాది ఫారెక్స్ కార్డో, బ్యాంకు బదిలీయో. అప్పట్లో ఏడాదికి 7 లక్షలు దాటి పంపితే పైదాని మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పట్టుకునేవారు, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు 10 లక్షలైంది. మనిషికి లెక్క కాబట్టి నా ఖాతా నుంచి కొంత, మా ఆయన ఖాతా నుంచి కొంత పంపాం. 10,000 కెనడా డాలర్లు, ఆపైన వెంట ఉంటే డిక్లేర్ చేయాలి. అది నేరమేమీ కాదు, పన్నూ లేదు, చెప్పాలి అంతే.

ఇంతవరకూ ఐదుకి నాలుగున్నర ఇస్తాను. కాల్గరీలో దిగాక సీను మారిపోయింది.

ముగ్గురికి ఆరు పెద్ద పెట్టెలు ఉంటాయని ఫారంలో రాసిచ్చాం. వచ్చింది చిన్న కారు. బయట మైనస్ 22. డ్రైవర్ కుర్రాడు మంచివాడే పాపం, రెండో ట్రిప్పు వేశాడు, కానీ మా ఆయన నాలుగు పెట్టెలతో ఎయిర్‌పోర్టులో కూర్చోవాల్సి వచ్చింది. 'ఫర్నిష్డ్ వసతి' అన్నది ఊరికి ఈశాన్యాన ఒక ఇంటి బేస్‌మెంట్. వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా పై అంతస్తు వాళ్ళనే అడగాలి. రెండే గిన్నెలు. పోపు వేస్తే చాలు, స్మోక్ అలారం ఇల్లంతా లేపేది, మా వాడు టవల్ పట్టుకుని దాని కింద నిలబడి విసిరేవాడు.

సిన్ నంబరు 'ఇప్పించడం' అంటే హ్యారీ హేస్ బిల్డింగులో ఉన్న సర్వీస్ కెనడా దగ్గర కారులోంచి దింపడం. లోపల పని మనదే. పాస్‌పోర్టు, సీఓపీఆర్ చూపిస్తే నంబరున్న కాగితం చేతికిచ్చారు. పైసా ఫీజు లేదు. ప్లాస్టిక్ కార్డు కోసం చూడకండి, 2014 నుంచి ఇవ్వడం లేదు. బ్యాంకు, సిమ్ విషయంలో పార్ట్‌నర్ మనిషి చెప్పినవే తీసుకోవాలని పట్టుబట్టాడు. రిఫరల్ బోనస్ వ్యవహారమని అర్థమవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి ఏడాది నెలవారీ చార్జీలు లేని ఖాతాలు చాలా బ్యాంకులు ఇస్తాయి, నడుచుకుంటూ వెళ్ళి అడిగితే చాలు.

నాకు ఒళ్ళు మండింది రెండు విషయాల్లో. "ఆరోగ్య కార్డుకి మూడు నెలలు ఆగాలి" అని ప్రభుత్వ ఆరోగ్య బీమా గురించి చెప్పి మూడు నెలల ప్రైవేట్ ఇన్సూరెన్స్ అంటగట్టబోయారు. అలాంటి నిరీక్షణ పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో ఉంది. అల్బర్టాలో శాశ్వతంగా ఉండడానికి విదేశం నుంచి వచ్చినవాళ్ళు మూడు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకుంటే చేరిన తేదీ నుంచే కవరేజీ. రిజిస్ట్రీ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి వచ్చాం, అయిపోయింది. కార్డు చేతికొచ్చేదాకా భయమనుకుంటే కొద్ది రోజులకి తీసుకోవచ్చు, మూడు నెలలకి ఎందుకు?

రెండోది, పీఆర్ కార్డుకి తమ ఆఫీసు అడ్రసు ఇవ్వమన్నారు. మొదటి కార్డు ఉచితంగా కెనడా చిరునామాకే పోస్టులో వస్తుంది, చిరునామా 180 రోజుల్లో ఇవ్వకపోతే ఫీజు కట్టి మళ్ళీ అప్లై చేయాలి. కార్డు లేకుండా ఇండియా వెళ్తే తిరిగి విమానం ఎక్కడానికి పీఆర్ ట్రావెల్ డాక్యుమెంట్ తెచ్చుకోవాలి. అంత ముఖ్యమైన కవరు మొన్నటిదాకా మొహం తెలియని వాళ్ళ చేతికి పోవడం నాకిష్టం లేదు. మా పిన్ని కొడుకు ఇక్కడే ఉంటాడు, వాడి ఇంటి అడ్రసు ఇచ్చాం. పైగా డబ్బు తీసుకుని కెనడా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే సాధారణంగా లాయరో, ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్ల కాలేజీ (చదువుల కాలేజీ కాదు, కన్సల్టెంట్లని నియంత్రించే సంస్థ) లైసెన్సు ఉన్న కన్సల్టెంటో అయి ఉండాలి. ఆ కాలేజీ రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. హైదరాబాద్ ఆఫీసులో లైసెన్సున్న ఆయన ఒకరున్నారు. ఇక్కడి పార్ట్‌నర్ పేరు అందులో లేదు.

దిగాక చేసే పనులకి అసలు దారి వేరే ఉంది. సెంటర్ ఫర్ న్యూకమర్స్, ఇమిగ్రెంట్ సర్వీసెస్ కాల్గరీ లాంటి సంస్థలు పీఆర్ వాళ్ళకి ఉచితంగా సాయం చేస్తాయి. బాబు స్కూలు, మాకు రెజ్యూమె వర్క్‌షాపు, పిల్లల బెనిఫిట్ (పిల్లలున్న కుటుంబాలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) ఫారం అన్నీ అలాగే అయ్యాయి. ఆ బెనిఫిట్‌కి ఆర్‌సీ 66 అనే ఫారంతో పాటు కొత్తవాళ్ళు నింపాల్సిన ఇంకో షెడ్యూలు (అనుబంధ ఫారం) ఉందని, అందులో ఇండియా ఆదాయం కూడా రాయాలని అక్కడే తెలిసింది. మా ప్యాకేజీ బ్రోషర్‌లో దాని ఊసే లేదు. టీకాల కార్డు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, స్కూల్లో అడిగారు.

రెండో సగానికి ఐదుకి ఒకటి, అదీ రెండో ట్రిప్పు వేసిన డ్రైవర్ కుర్రాడికి. ఈమధ్య మా స్నేహితురాలు అదే ఆఫీసుకి వెళ్ళి తనకి కాగితాల తనిఖీ, సామాన్ల లిస్టు మాత్రమే కావాలని గట్టిగా అడిగిందట. 12 వేలకి ఒప్పుకున్నారు. బ్రోషర్‌లో ఆ ధర కనిపించదు, అడిగితేనే చెబుతారు.