బోరు నీటిలో యురేనియం: ఏడాది వాడాక మా ఆర్‌ఓ యంత్రంపై నా అభిప్రాయం

నల్గొండ జిల్లాలోని మా ఇంట్లో నిరుడు పెట్టించిన ఆర్‌ఓ యంత్రం గురించి ఇది రాస్తున్నాను. కొన్నది ఫ్లోరైడ్ భయంతోనే. అయితే మా జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతాల్లో యురేనియం నిక్షేపాలున్న సంగతి తెలుసు కనుక, కొనే ముందే బోరు నీటిని ఆ లోహం కోసం కూడా పరీక్ష చేయించాను. లీటరుకు 86 మైక్రోగ్రాములున్నట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి 30 మాత్రమే.

గనులు లేని చోట కూడా ఇది ఉండవచ్చు. గ్రానైట్ రాతిలో సహజంగా ఉండే యురేనియం, బైకార్బనేట్లు ఎక్కువగా ఉన్న భూగర్భ జలంలో కరిగి బోరులోకి వస్తుంది. దాని అర్ధాయుష్షు, అంటే అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం, దాదాపు 450 కోట్ల ఏళ్లు కాబట్టి వెలువడే రేడియోధార్మికత తక్కువ. తాగే నీటిలో అది ముందుగా హాని చేసేది మూత్రపిండాలకు, అదీ రసాయన విషంగా. దాని నుంచి పుట్టే రేడియం మాత్రం కాల్షియంలాగా ఎముకల్లో చేరి అక్కడే ఉండిపోతుంది. కాచి తాగితే చాలని మా అమ్మ నమ్మకం. కాస్తే రేడియం నుంచి పుట్టే రాడాన్ వాయువు పోతుంది గానీ యురేనియం, రేడియం పోవు. నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడతాయి.

యంత్రంలో నీటిని వడకట్టే పొర మంచిదే. లోపమంతా బిగించిన తీరులో ఉంది. నీరు చప్పగా ఉంటుందని, రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సరిచేసే మరను తిప్పి, మీటరులో 300 చూపించి సాంకేతికుడు వెళ్లిపోయాడు. ఆ మర చేసే పని ఆర్‌ఓ పొర దాటని బోరు నీటిని కొంత తెచ్చి శుద్ధి చేసిన నీటిలో కలపడమేనని నాకు అప్పుడు తెలియదు. నెల తర్వాత యంత్రం నీటిని పరీక్షకు పంపితే యురేనియం లీటరుకు 33 మైక్రోగ్రాములు వచ్చింది. మర పూర్తిగా మూయించి మళ్లీ పంపితే 3 వచ్చింది. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుందే తప్ప, మైక్రోగ్రాముల్లో ఉండే యురేనియాన్ని విడిగా పట్టలేదు. ఈ సంగతి కొనేవారికి చెప్పకపోవడం యంత్రం అమ్మిన సంస్థ చేసిన పెద్ద తప్పు. ఫోను చేసినప్పుడు కూడా రుచి గురించే మాట్లాడారు.

ఇంకొకటి చెప్పాలి. పది లీటర్లు పోస్తే మాకు మూడు లీటర్ల మంచినీరు వస్తుంది, మిగతా ఏడు లీటర్లు వ్యర్థంగా బయటికి పోతాయి. పొర ఆపిన యురేనియమంతా ఆ ఏడు లీటర్లలోనే ఉంటుంది కాబట్టి, లెక్క ప్రకారం అందులో లీటరుకు 120 మైక్రోగ్రాములు దాటుతుంది. మొదట్లో ఆ గొట్టాన్ని గేదెల తొట్టిలోకి మళ్లించాము. ఇప్పుడు దాన్ని మరుగుదొడ్డి ట్యాంకుకు కలిపించాను.

యంత్రాన్ని కొనవచ్చు. కానీ మర మూయించండి, బోరు నీటినీ యంత్రం నీటినీ విడివిడిగా పరీక్ష చేయించండి. గత నెల పొర మార్చిన వెంటనే నేను మళ్లీ పంపాను, 4 వచ్చింది.