చిన్న సంస్థకు సిక్ లీవ్ నియమావళి రాసిచ్చిన కన్సల్టెన్సీ: ఒక సమీక్ష

మాది పట్టుమని పాతికమంది కూడా లేని సంస్థ. ఎవరికైనా ఒంట్లో బాగోలేక రాకపోతే ఆ రోజు జీతం ఇవ్వాలా, కోత పెట్టాలా అన్నది మేనేజర్ ఇష్టాయిష్టాలను బట్టి నడిచేది. అందరికీ ఒకే రీతిగా వర్తించే రాతపూర్వక నియమాలు కావాలని, చిన్న సంస్థలకు హెచ్‌ఆర్ విధానాలు తయారుచేసే ఒక కన్సల్టెన్సీకి పని అప్పగించాము.

వారి పనిలో అన్నిటికన్నా మెచ్చదగినది జబ్బు సెలవులో మొదటి మూడు రోజుల జీతం విషయంలో చూపిన శ్రద్ధ. సామాజిక భద్రతా పథకాల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన 102వ ఒప్పందం కూడా మూడు రోజుల వరకు చెల్లింపు లేకుండా ఉండనిస్తోంది కదా అని మా భాగస్వాములలో కొందరు వాదించారు. ఆ ఒప్పందం నిర్దేశించినవి కనీస ప్రమాణాలు మాత్రమేననీ, అందులో పూర్వ వేతనంలో 45 శాతంగా ఉన్న చెల్లింపును 1969 నాటి 130వ ఒప్పందం 60 శాతానికి పెంచిందనీ సలహాదారు ఓపికగా వివరించారు. మామూలు జ్వరాలు చాలావరకు మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతాయి కాబట్టి, సరిగ్గా ఆ రోజులకే జీతం కోస్తే, తక్కువ జీతగాళ్లు జ్వరంతోనే పనికి వచ్చి పక్కవారికి అంటిస్తారన్న ఆయన మాటకు ఎవరూ బదులు చెప్పలేకపోయారు. చివరికి మొదటి రోజు నుంచే పూర్తి జీతం, మూడు రోజుల వరకు ఉద్యోగి సొంత ధ్రువీకరణ, ఆపైన డాక్టర్ సర్టిఫికెట్ అని రాశారు. సర్టిఫికెట్‌లో జబ్బు పేరు అక్కర్లేదు, పనికి రాలేని తేదీలుంటే చాలునన్న వాక్యం నాకెంతో నచ్చింది.

అంత చక్కని ముసాయిదాకు అనుబంధంగా, తరచూ సెలవు పెట్టేవారికి పాయింట్లు వేసే బ్రాడ్‌ఫర్డ్ ఫ్యాక్టర్ అనే కొలత పట్టికను చేర్చడం మాత్రం నాకు మింగుడుపడలేదు. సెలవు పెట్టిన విడతల సంఖ్యను అదే సంఖ్యతో హెచ్చించి, వచ్చినదాన్ని మొత్తం రోజులతో హెచ్చించడం ఆ లెక్క. ఆపరేషన్ చేయించుకుని వరుసగా పది రోజులు రానివారికి 10 పాయింట్లు పడితే, మైగ్రేన్‌తో పది వేర్వేరు రోజులు రానివారికి 1000 పడతాయి. దీర్ఘవ్యాధులతో నెట్టుకొస్తున్నవారినే దోషులుగా నిలబెట్టే ఈ కొలతను న్యాయమని ఎలా అంటాము? రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాకే దాన్ని తొలగించారు.

పార్ట్‌టైమ్ వారికి పని గంటల దామాషాలో సెలవు సరిగానే ఇచ్చారు. ప్రొబేషన్‌లో ఉన్నవారి సంగతి ఖాళీగా వదిలేస్తే మేమే పూరించుకున్నాము. నెలల తరబడి మంచం పట్టినవారికి పూర్తి జీతం తరువాత సగం జీతమన్న అంచెలు బాగున్నా, ఆ భారాన్ని చిన్న సంస్థ ఎలా మోయాలో, బీమా ఏ మేరకు ఆదుకుంటుందో చెప్పకపోవడం పెద్ద లోటు.

ఈ సేవను ఇతరులకు సిఫారసు చేస్తాను. అయితే సంతకం పెట్టేముందు అనుబంధాలను కూడా అక్షరం వదలకుండా చదవాలి, పేర్లు తీసేసిన పాత సెలవుల రిజిస్టరును వారికిచ్చి కొత్త నియమాల ప్రకారం ఎవరికి ఎంత అందేదో లెక్కకట్టించుకోవాలి.