షికాగో చలికి డౌన్ జాకెట్టా, ఉన్ని కోటా?

జనవరిలో అక్కడ సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉండే రోజులూ వస్తాయి. డౌన్ జాకెట్ అంటే లోపల బాతు నూగు నింపినది.

ఖరీదు: మంచివైతే రెండూ చౌక కావు. డౌన్‌కు ఫిల్ పవర్ (నూగు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 600 పైన, కోటుకు ఉన్ని 80 శాతం పైన ఉందేమో లేబుల్ చూడండి. ఉత్త ‘ఉన్ని మిశ్రమం’ అంటే నేనైతే కొనను.

బరువు: డౌన్ తేలిక. ఉన్ని భుజాలు లాగుతుంది.

తడి: ఇక్కడే డౌన్ ఓడిపోతుంది. లోపలి బాతు నూగు తడిస్తే ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది. ఉన్ని కాస్త తడిసినా ఫరవాలేదు, ఈదురుగాలినే సరిగా ఆపదు.

ఉతుకు: డౌన్‌ను ఇంట్లోనే ఉతకవచ్చు. డ్రయ్యర్‌లో తక్కువ వేడి పెట్టి, రెండు టెన్నిస్ బంతులు వేస్తే ఉండలు విడిపోతాయి. ఉన్నికి డ్రై క్లీనింగ్ ఖర్చు తప్పదు.

బస్సు కోసం నిలబడే విద్యార్థికి తొడల దాకా వచ్చే డౌనే నయం. కారు దిగి నేరుగా ఆఫీసులోకి వెళ్లేవారికి ఉన్ని చాలు.