పిల్లల పేర్ల పుస్తకం: అక్షరం కోసం కొనొచ్చు, అర్థం కోసం మాత్రం కాదు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ బస్టాండు ముందరైనా పుస్తకాల కొట్లో అడిగితే పిల్లల పేర్ల పుస్తకాలు మూడు నాలుగు రకాలు తీసి ముందర పెడతారు. అట్ట మీద పాప బొమ్మ మారుతుంది గానీ లోపలి సరుకు దాదాపు ఒకటే. వాటిలో 160 పేజీలు, 120 రూపాయలు ఉన్న పుస్తకం గురించి ఈ సమీక్ష. వేసినవాళ్ల పేరు రాయడం లేదు. కింద చెప్పే తప్పులు వాళ్లొక్కరివే కావు, ఒకరి దాంట్లోంచి ఒకరు ఎత్తుకొచ్చినవి.

పుస్తకంలో మూడు భాగాలున్నాయి. మొదట నక్షత్రాల పట్టిక, తర్వాత అకారాది క్రమంలో పేర్లు, చివర్న సద్గుణాల పేర్లంటూ 22 పేజీలు. కొనేవాళ్లను లాగేది ఈ చివరిదే. యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరున యాదయ్య, జాన్‌పహాడ్ దర్గా పేరున సైదులు, కురుమూర్తి స్వామి పేరున కురుమయ్య, మల్దకల్ దేవుడి పేరున తిమ్మప్ప అని పెట్టుకున్న ఇళ్లలో ఇప్పుడు సహన, వివేక్, ధృతి, మేధ కావాలంటున్నారు. అయితే గుణం పేరు పెట్టడం కొత్త ముచ్చటేమీ కాదు. సత్తయ్య, సత్తెమ్మ ఆ సత్యం పేర్లే, ధర్మయ్య, శాంతమ్మ కూడా ఊరూరా ఉన్నవే. పుస్తకంలో వీటికి చోటు దొరకలేదు. పాతవాసన కొడతాయనుకున్నారేమో!

ముందు బాగున్నది చెప్పాలి. నక్షత్రాల పట్టికలో పొరపాటు లేదు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 అక్షరాలు సరిగ్గా అచ్చయ్యాయి. సద్గుణాల పేర్లను పాదాల వారీగా విడదీసిన తీరు కూడా పనికొస్తుంది. రోహిణి మూడో పాదానికి వినయ్, వినీత, వివేక్. మృగశిర మూడో పాదానికి కరుణ, నాలుగో పాదానికి కీర్తి. మఖ నాలుగో పాదానికి మేధ, అనూరాధ రెండో పాదానికి నీతి, నిర్మల. శతభిషం రెండో పాదానికి సత్య, సహన, పూర్వాభాద్ర మూడో పాదానికి దయ. తొట్టెల రోజు దగ్గర పడ్డాక ఇంటిల్లిపాది కూర్చుని వెతుక్కునే పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

చిక్కంతా పట్టికలో లేని అక్షరాలతోనూ, పట్టికలో ఉన్నా పేర్లు దొరకని అక్షరాలతోనూ. క్షమకు పాదం లేదు. ‘క్ష’లో మొదటిది క కాబట్టి పుస్తకం దాన్ని మృగశిరలో కలిపేసింది, అది ఒప్పుకోవచ్చు. ఆర్ద్ర మూడో పాదానికి ‘ఙ’ వస్తే మాత్రం జ్ఞానేశ్వర్ అని రాశారు. ఙ వేరు, జ్ఞ వేరు. జ్ఞలో మొదటిది జ. హస్త మూడో పాదం ‘ణ’ దగ్గర గీత గీసి ఊరుకున్నారు, అదే నిజాయితీ. అట్లాంటప్పుడు జన్మనామం ఒకటి చెవిలో చెప్పి, పిలిచే పేరు వేరేది పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్న దారే. ఆ ముక్క పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇక అర్థాలు. ఈ భాగం రాసినవాళ్లు నిఘంటువు ముట్టినట్టు లేదు.

అస్మితకు ‘ఆత్మగౌరవం’ అని రాశారు. ఈ కాలపు వాడుకలో ఆ ఛాయ ఉంది, నిజమే. కానీ యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన, మనసును బాధపెట్టే ఐదు క్లేశాల్లో అవిద్య తర్వాతది అస్మిత, నేను అనే భావం. సద్గుణాల జాబితాలోకి అది ఎట్లా వచ్చిందో తెలియదు. సాహస్‌కు ‘ధైర్యం’ అన్నారు. తెలుగులో సాహసం మంచి మాటే గానీ పాత ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలాత్కారం, దౌర్జన్యంతో చేసిన నేరం. దానికి వేరే విచారణ పద్ధతే ఉంది. ఇప్పటి వాడుక చాలనుకుంటే పెట్టుకోవచ్చు, ప్రాచీన సద్గుణమని మాత్రం చెప్పుకోకూడదు.

అన్వితకు ‘ప్రేమమయి’ అట. అన్విత అంటే ‘తో కూడినది’ అంతే. దేనితో కూడినదో ముందర మాట చెప్పాలి. గుణాన్విత అంటే పూర్తి పేరు, అన్విత సగం పేరు. ముస్లిం పేర్ల పేజీలోనూ ఇదే సగం కోత. ‘అబ్దుల్: సేవకుడు’ అని ఒక వరుస. అబ్దుల్ అంటే ‘ఫలానా వాడి దాసుడు’లో ‘వాడి దాసుడు’ వరకే, ఆ ఫలానా ఎవరో తర్వాతి మాట చెప్పాలి. కరీం అంటే ఉదారుడు, అది దేవుడి నామం కాబట్టి అబ్దుల్ కరీం అని కలిపి పెడతారు. విడదీసి అమ్మితే కుదరదు. పక్క పేజీలో అమీన్‌కు ‘తథాస్తు’ అని ఉంది. తథాస్తు అర్థమిచ్చేది ఆమీన్, దీర్ఘం మొదట ఉంటుంది. అమీన్ అంటే నమ్మదగినవాడు. సాబిర్ ఓర్పు గలవాడు, సాదిఖ్ నిజం పలికేవాడు, ఆదిల్ న్యాయం తప్పనివాడు, షాకిర్ కృతజ్ఞత గలవాడు. ఈ నాలుగూ సరిగ్గానే వేశారు.

క్రైస్తవ పేర్లకు ఒక్క పేజీ ఇచ్చారు. నిరీక్షణకు ‘ఎదురుచూపు’ అని రాసి వదిలేశారు. తెలుగు బైబిల్లో 1 కొరింథీయులు 13:13లో విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అని వచ్చే మూడింట్లో అది రెండోది, అక్కడ దాని అర్థం ఆశ. ఆ పేరు పెట్టేవాళ్లు పెట్టేది ఆ అర్థంతోనే. దీనాకు ‘వినయం గలది’ అన్నారు. హీబ్రూలో దీనా తీర్పు అనే మాటకు సంబంధించినది, సంస్కృతం దీనతో దానికి చుట్టరికం లేదు. గ్రేస్, మెర్సీ, పేషెన్స్ లాంటివి ఇంగ్లండులో ప్యూరిటన్లు అనే క్రైస్తవ వర్గంవాళ్లు 16, 17 శతాబ్దాల్లో బాగా పెట్టుకున్న గుణాల పేర్లు. మన దగ్గర కృప, సహన వాటి పక్కనే కూర్చుంటాయి. ఈ సంగతికి రెండు వాక్యాలు కేటాయించినా బాగుండేది.

అర్థం తప్పు కాకపోయినా పలుచన చేసినవి ఇంకా ఎక్కువ. వివేక్‌కు ‘తెలివి’ అని సరిపెట్టారు. ఆ మాటలోని ధాతువుకు అర్థం వేరు చేయడం. చేటతో చెరిగి తాలును, గింజను వేరు చేసినట్టు మంచిచెడ్డలు విడదీసే గుణం వివేకం. వినయ్‌కు ‘వంగి ఉండేవాడు’ అన్నారు. అందులో ఉన్నది ‘నీ’ ధాతువు, నడిపించడం. నీతి, నాయకుడు, వినీత దాని పిల్లలే. వినయం అసలు శిక్షణ, క్రమశిక్షణ. బౌద్ధ భిక్షువుల నియమాలను వినయమన్నది అందుకే, మన ఫణిగిరి గుట్ట మీది పాత బౌద్ధ విహారంలో ఆ మాటకు అర్థం అదే అయి ఉంటుంది. దయాకర్, కరుణాకర్‌లను ‘దయ చేసేవాడు, కరుణ చేసేవాడు’ అని విడదీశారు. దయా, ఆకర అని విడదీయాలి. ఆకరమంటే గని. దయకు గని, కరుణకు గని. రత్నాకర్, గుణాకర్ కూడా అంతే. ప్రభాకర్ మాత్రం వేరు, అక్కడ ‘కర’ చేసేవాడే, వెలుగు చేసేవాడు.

అనసూయ దగ్గర మాత్రం మెచ్చుకోవాలి. ‘అసూయ లేనిది’ అని ఒక్క ముక్కలో సరిగ్గా చెప్పారు. చెడును కాదని గుణం చెప్పే ఈ పద్ధతి పేర్లలో చాలా ఉంది. నిర్మలలో మలం లేదు, అనఘలో పాపం లేదు. మూడూ ఒకచోట పెట్టి ఉంటే చదివేవాళ్లకు కిటుకు తెలిసేది.

అన్నిటికంటే ప్రమాదం అచ్చుతప్పులు, అదీ ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర. ధృతి అంటే నిలకడ, పట్టు. ఒత్తు పోయి దృతి అయితే తోలుతిత్తి. మేధ అంటే ధారణ గల బుద్ధి. మేద అంటే కొవ్వు, మేదస్సులో ఉన్నదే. శీల అంటే నడవడి, శిల అంటే బండ. మన మాటల్లో ఒత్తులు సగం ఎగిరిపోతాయి, పిలుపులో ఎవరూ పట్టించుకోరు. కాగితం మీద అట్లా కాదు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడి ప్రవేశం మొదలు పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పడ్డ తప్పు అన్ని చోట్లకూ పాకుతుంది. ఇంగ్లీషులో ధృతికి డి తర్వాత, మేధకు డి తర్వాత హెచ్ రాయించాలి. తెలుగు, ఇంగ్లీషు రెండు స్పెల్లింగులూ ఒక చీటీ మీద రాసి మున్సిపాలిటీకో పంచాయతీకో తీసుకుపోతే నోటితో చెప్పాల్సిన పని ఉండదు.

తొందర కూడా అక్కర్లేదు. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేయాలి గానీ పేరు అప్పుడే రాయించాలని లేదు. నమోదైన 12 నెలల లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాతైతే ఆలస్య రుసుము. పుస్తకం వెనక అట్ట మీద ‘21వ రోజులోపు పేరు తప్పనిసరి’ అని పెద్దక్షరాల్లో వేశారు. తొట్టెలకూ చట్టానికీ ముడిపెట్టారన్నమాట.

పట్టిక కోసం కొంటే 120 రూపాయలు దండగ కాదు. అక్షరం దొరికాక అర్థాన్ని ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో చూసుకోండి, డబ్బులు కట్టేది లేదు. ముందున్న సు, వి, నిర్, అన్ లాంటివి తీసేసి మిగిలిన మాట కూడా వెతికితే పేరు గుట్టు బయటపడుతుంది. ఉర్దూ, అరబ్బీ పేర్లకు ఈ పుస్తకం నమ్ముకోకుండా మసీదులో చదువుకున్నవాళ్లను అడగడం మేలు, వాళ్లు ఉర్దూ లిపిలో రాసి చూపిస్తే అమీన్‌కూ ఆమీన్‌కూ తేడా కంటికే కనిపిస్తుంది.

5కు 2.5. కొనేముందు కొట్లోనే ‘మ’ అక్షరం పేజీ తెరిచి చూడండి. మేధ అని ఉంటే తీసుకోండి, మేద అని ఉంటే పక్క అట్టది అడగండి.