యాక్రిలిక్ బొమ్మా, జేగురు బొమ్మా?

మా పిన్ని కూతురు టొరంటోలో స్థిరపడింది. ఏటా చలికాలం విశాఖలో ఎంవీపీ కాలనీకి వచ్చి బొమ్మలేస్తుంది. ఈసారి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్ని రెండు రకాలుగా వేసి, "హాల్లోకి ఏది కావాలో తీసుకో అక్కా" అంది.

ఒకటి కాన్వాస్ మీద యాక్రిలిక్. త్వరగా ఆరిపోతుంది, రంగు అంత తేలిగ్గా వెలిసిపోదు. కానీ యాక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే కదా, కుంచె కడిగిన నీళ్లు కాలవలోకే పోతాయి.

రెండోది ఖాదీ గుడ్డ మీద జేగురు (ఎర్రమన్ను రంగు), నీలిమందు, పసుపు, తుమ్మ జిగురు. దిబ్బల మట్టి మాత్రం ముట్టుకోలేదు. జేగురు కొట్లో కొన్నదే. 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన ఏటికొప్పాక లక్కబొమ్మల సహజ రంగులు చూశాకే ఈ పిచ్చి పట్టిందట. దగ్గరికెళ్లి చూస్తే, వాన కోసిన గాడుల్లో జేగురు గరుకుగా, వేలికి తగిలేలా ఉంది. యాక్రిలిక్‌లో ఆ గరుకు రాలేదు. చిక్కల్లా పసుపుతోనే, ఎండ తగిలితే వెలిసిపోతుంది. పైగా మన సముద్రపు గాలి తేమకి జిగురు బూజు పట్టొచ్చు. అద్దం బిగించాల్సిందే.

నేను రెండోదే తీసుకున్నా. కిటికీ ఎదురుగా కాదు, పక్క గోడకి పెట్టా.