టైగర్ మాత్ 1/72 కిట్: పైరెక్క ఎక్కించేదాకా అంతా బాగానే ఉంది

టైగర్ మాత్ అంటే పైన ఒకటి కింద ఒకటి రెండు రెక్కలుండే పాత శిక్షణ విమానం, ఇది అసలుదాంట్లో 72వ వంతు సైజులో అతికించుకునే దాని ప్లాస్టిక్ బొమ్మ. డబ్బా మీద "కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు" అని అచ్చేశారు. ఆ మాట రాసినాయన ఈ విమానానికి పైరెక్క ఎక్కించి ఉండడు, ఎక్కించి ఉంటే అలా రాయడు. నాకు మూడు నెలలు పట్టింది. బాడీ అతకడానికి రెండు సాయంత్రాలు, రంగులకు ఓ రెండు వారాలు, మిగతా రోజులన్నీ ఆ రెండో రెక్కకీ దాన్ని పట్టుకునే దారాలకీ పోయాయి. అయినా కొనొద్దని చెప్పను, ఎందుకో కింద రాస్తాను.

నేను అంతకుముందు చేసినవన్నీ జెట్లే. జెట్ మోడల్ అంటే రెండు సగాలు కలిపి గమ్ము రాసి, రెక్కలు చెరోపక్క దూర్చేస్తే సగం పని అయిపోయినట్టే. మిగ్-21లు మూడు చేసి బీరువా మీద పెట్టాక, ఈసారి రెండు రెక్కల విమానం చేద్దామనిపించింది. టైగర్ మాతే ఎందుకంటే అది మనకు దగ్గరి చుట్టం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బేగంపేటలో పైలట్లకు ఓనమాలు నేర్పిన స్కూల్లో ఉన్నవి ఇవే. 1931 అక్టోబరులో ఇంగ్లండులో మొదటిసారి ఎగిరింది, ఆ తర్వాత ఎనిమిది వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధవిమానం అంటే తుపాకులు ఉండాలని మా తమ్ముడి వాదన. తుపాకీ లేకపోయినా, ఆ రోజుల్లో ఎంతోమంది పైలట్లు స్పిట్‌ఫైర్ లాంటి ఫైటర్ విమానం ఎక్కేముందు దీని మీద నేర్చుకున్నవాళ్లే కదా.

బెంగళూరులో ఒక హాబీ షాపు నుంచి తెప్పించుకున్నాను, కొరియరుతో కలిపి 1,250 రూపాయలు పడింది. కంపెనీ పేరు, షాపు పేరు రాయడం లేదు, లేనిపోని గొడవ నాకెందుకు. మా అనంతపురంలో దొరకదా అంటే, సప్తగిరి సర్కిల్ దగ్గర్నుంచి క్లాక్ టవర్ దాకా బొమ్మల షాపులన్నీ తిరిగాను, రిమోటు కార్లు చూపిస్తారు.

డబ్బా తెరిస్తే ముందు కొంచెం నీరసమొస్తుంది. బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేములు రెండు, నలభై పైచిలుకు ముక్కలు, గోరంత అద్దాలు రెండు, స్టిక్కర్ల కాగితం, నాలుగు మడతల పుస్తకం. అంతే. మొత్తం విమానం రెక్క కొస నుంచి కొసకి 12.4 సెంటీమీటర్లు, పొడవు 10 సెంటీమీటర్లు, అంటే మీ చేతిలో ఫోన్ కన్నా చిన్నది. కానీ రెక్కని వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడండి. అసలు విమానంలో చెక్క ఎముకల మీద గుడ్డ బిగించి ఉంటుంది, ఆ ఎముకల మధ్య గుడ్డ కాస్త లోపలికి దిగినట్టు కనబడుతుంది చూశారా, ఆ వాలు ఇంత చిన్నదాంట్లో కూడా పోశారు. చాలా కంపెనీలు ఇక్కడ అతి చేసి, ఆకలితో మాడిన ఆవు పక్కటెముకల్లాగా తేలుస్తాయి. ఇది అలా లేదు. ఆ ఒక్క పనికి పూర్తి మార్కులు.

కాక్‌పిట్లు రెండు, సీట్లు, స్టిక్కులు ఉన్నాయి, మీటర్ల బోర్డుకు స్టిక్కర్లు కూడా ఇచ్చారు. గోడల లోపలివైపు అచ్చు పిన్నులు దిగిన గుండ్రటి మచ్చలు మాత్రం ఉన్నాయి, ఎమరీ పేపర్ అక్కడికి పోదు. నేను వదిలేశాను. ఇంత చిన్న కన్నంలోకి తొంగిచూసి తప్పు పట్టేవాడెవడైనా ఉంటే వాడికి కాఫీ ఇచ్చి పంపిస్తాను.

ఎండాకాలం మొదలుపెట్టడం నా తప్పు. ఏప్రిల్లో మా ఊళ్లో పల్చటి గమ్ము, అదే బ్రష్షుతో అతుకు మీద తాకిస్తే సందులోకి పాకేది, సీసా మూత తీసి బ్రష్షు ముక్క దాకా తెచ్చేసరికే సగం ఆరిపోతుంది. అక్రిలిక్ రంగులైతే బ్రష్షు కొసనే గడ్డ కడతాయి. దానికి రిటార్డర్ అని ఒక చుక్కమందు దొరుకుతుంది, రంగులో కలిపితే ఆరడం నెమ్మదిస్తుంది. నేను అది వేసి, తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఫ్యాను ఆపి రంగు వేసేవాణ్ణి. పొద్దున్నే లేచి నడకకు పోతానేమో అని మా ఇంట్లోవాళ్లు మొదట సంతోషపడ్డారు పాపం.

ఇక అసలు కథ. పైరెక్క.

టైగర్ మాత్‌ని పైనుంచి చూస్తే రెక్కలు రెండూ వెనక్కి వాలి ఉంటాయి, బాణం మొనలాగా. అది సోకు కోసం పెట్టింది కాదు. పాఠం చెప్పే పైలట్ ముందు సీట్లో కూర్చుంటాడు, నేర్చుకునేవాడు వెనక. ముందు సీటు సరిగ్గా పైరెక్క నడుమ ఉన్న పెట్రోల్ ట్యాంకు కింద ఉంటే, ప్రమాదం వస్తే ఆయన పారాచూట్‌తో సహా బయటికి రాలేడు. అందుకని పైరెక్క నడిమి భాగాన్ని ముందుకి జరిపారు. అలా జరిపితే విమానాన్ని పైకి లేపే బలం కూడా ముందుకి జరిగిపోతుంది కాబట్టి, దాన్ని సర్దడానికి రెక్కల కొసల్ని వెనక్కి వాల్చారు. వెనక్కి వాలిస్తే కింది రెక్క కొసలు నేలకి దగ్గరవుతాయి, అందుకని వాటిని ఇంకొంచెం పైకి ఎత్తారు. చదువుతుంటే ముచ్చటగా ఉంది కదా? అతకడానికి కూర్చుంటే తెలుస్తుంది. పైరెక్క ముందుకి, రెక్కలు వెనక్కి, కిందివి పైకి, వీటి మధ్య నిలబడే కడ్డీలు, స్ట్రట్లు అంటారు, ఒక్కటీ నిటారుగా నిలబడదు. ఏ ఒక్కదాంట్లో వెంట్రుకవాసి తేడా వచ్చినా విమానం మొత్తం తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగిపోతుంది.

అంత లెక్క ఉన్న చోట ఈ కంపెనీ చేసిందేమిటంటే, బాడీ మీద నిలబడే నాలుగు నడిమి స్ట్రట్లకు కన్నాలు వదులుగా పెట్టింది. స్ట్రట్ దూరిస్తే పాలపళ్లలాగా ఊగుతుంది. పుస్తకంలో ఇక్కడ ఒకే ఒక్క బొమ్మ, పైరెక్క గాల్లోంచి దిగుతున్నట్టు ఒక బాణం గుర్తు. ఎలా పట్టుకోవాలి, ఎంత కోణంలో ఉండాలి, ఒక్క ముక్క లేదు. మా పెళ్లి క్యాసెట్లో దేవతలు దిగొచ్చినట్టు దానంతటది దిగుతుందనుకున్నారేమో.

మొదటిసారి చేత్తోనే పట్టుకుని చూశాను, ఇరవై నిమిషాలు చెయ్యి కదపకుండా. వదలగానే ఒరిగింది. రెండోసారి స్ట్రట్ ఒకటి ట్వీజర్ లోంచి టింగుమని ఎగిరిపోయింది. బియ్యపు గింజలో సగం లావు ఉండదు అది, బూడిద రంగు గచ్చు మీద బూడిద రంగు ముక్క. గది మొత్తం ఊడ్చి, ఆ చెత్తని పిండి జల్లెడలో పోసి పడుతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసి, "ఏంది, ఇంక మట్టి కూడా జల్లెడ పడతాండారా?" అంది. దొరికింది లెండి. జల్లెడ మాత్రం కొత్తది కొనిచ్చాను.

చివరికి పని చేసింది థర్మాకోల్. ఫ్రిజ్‌తో వచ్చిన ముక్క ఒకటి అటక మీద ఉంటే దింపి, విమానం ముందునుంచి చూసిన కొలత బొమ్మని కాగితం మీద అచ్చు తీసి దాని మీద అంటించి, కింది రెక్క కూర్చునేలా ఒక గాడి, పైరెక్క ఆనుకునేలా రెండు వైపులా రెండు గోడలు కోశాను. గమ్ము లేకుండా అన్నీ అందులో కూర్చోబెట్టి, కన్ను రెక్క మట్టానికి దించి చూసి, సరిగ్గా ఉందనుకున్నాక ఒక్కో స్ట్రట్ కాళ్ల దగ్గర చుక్క గమ్ము తాకించి, రాత్రంతా కదపకుండా వదిలేశాను. పొద్దున చూస్తే నిలబడింది. మీరు దీన్ని కొంటే మొదటి రోజే ఈ థర్మాకోల్ పీట కోసి పెట్టుకోండి.

ఇక దారాలు. రెండు రెక్కల విమానంలో తీగలు అలంకారం కాదు, అవే దాని నరాలు. ఎగిరేటప్పుడు రెక్కలు పైకి లేచిపోకుండా కింద బాడీ దగ్గర్నుంచి పైరెక్క బయటి కొస వైపు పోయే తీగలు కొన్ని, నేల మీద ఉన్నప్పుడు రెక్కలు కిందికి వాలిపోకుండా పైనుంచి కింది రెక్క కొస వైపు పోయేవి కొన్ని. కిట్‌లో వీటికోసం ఒక్క దారం ముక్క లేదు, కన్నాలు లేవు, చివరి పేజీలో వక్కంత బొమ్మలో గీతలు మాత్రం ఉన్నాయి. తీగలు లేకుండా కూడా పెట్టుకోవచ్చు, పెట్టుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం తంతులు తెగిన వీణలా కనిపించింది.

ముందు ఫ్రేము ప్లాస్టిక్‌నే కొవ్వొత్తి మీద వేడిచేసి సాగదీశాను. వెంట్రుకంత సన్నగా వస్తుంది. కోసి అతికించాక అగరుబత్తి నిప్పుని ముట్టకుండా దగ్గరికి తీసుకెళ్తే చక్కగా బిగుసుకుంటుంది, చూడ్డానికి భలే సరదా. కానీ ఒక మిల్లీమీటరు ఎక్కువ దగ్గరికి పోతే తెగిపోతుంది, నాకు నాలుగు తెగాయి. చేపల గాలం దారం మరీ మెరుస్తుంది, లావు కూడా.

అప్పుడు గుర్తొచ్చింది ధర్మవరం. అరగంట దాటితే గంట ప్రయాణం, డిగ్రీలో నాతో చదివినవాడి ఇంట్లో మగ్గాలున్నాయి. పడుగుకు వాడే పట్టుపోగు, పురి పెట్టకముందుది కావాలన్నాను. వాళ్ల నాన్న కళ్లద్దాలు సర్దుకుని నా ఫోన్లో ఫొటో చాలాసేపు చూసి, "ఇది ఎగరదంటివి కదప్పా, ఎగరనిదానికి ఇన్ని దారాలెందుకు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆయనే నవ్వి ఒక కండె చేతిలో పెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ పోగు దీనికోసమే పుట్టిందా అన్నట్టుంది. నూగు లేకుండా కొవ్వొత్తి మైనం మీద రెండుసార్లు లాగి, తర్వాత పెన్సిల్ ముల్లుని పొడి చేసి వేళ్లతో రుద్దితే పాలరంగు పోయి ఉక్కు తీగ రంగు వచ్చింది. రెక్కలో 0.3 మిల్లీమీటర్ల ముల్లుతో చేతి డ్రిల్లు తిప్పి కన్నాలు చేసి, ఒక కొస సూపర్ గ్లూతో అతికించి, రెండో కొస కన్నంలోంచి బయటికి తీసి దానికి మా పాప జడక్లిప్పు వేలాడదీశాను. క్లిప్పు బరువుకి దారం బిగుసుకుని ఉంటుంది, అప్పుడు సూదిమొనతో చుక్క గ్లూ. ఆరాక మిగిలింది బ్లేడుతో కోసేయడమే. ఒక పక్క ఒకటి వేస్తే రెండో పక్క ఒకటి వేయాలి. నేను ఆత్రంగా కుడివైపు నాలుగూ ఒకేసారి బిగించేసరికి ఆ రెక్క ఒక మిల్లీమీటరు కిందికి గుంజుకుపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. ఎదురుగా పెడితే కనబడుతుంది, అందుకే కొంచెం పక్కకి తిప్పి పెట్టాను. ఇంకో మాట, కన్నాలు రెక్కలు అతకకముందే చేసుకోవాలి. నేను అతికాక చేశాను, అందుకే ఒక స్ట్రట్ మళ్లీ ఊడింది.

రంగులు తొందరగా చెప్పేస్తాను. డబ్బాలో ఇచ్చింది బ్రిటిష్ వాయుసేన రంగులే, పైన ఆకుపచ్చ, మట్టి రంగు మచ్చలు, కింద పసుపు. పసుపు ఎంత వేసినా కింద బూడిద కనబడుతూనే ఉంటుంది, ముందు తెలుపు వేసి ఆపైన పల్చగా నాలుగు పూతలు వేస్తేనే కుదిరింది. ఆషాఢం గాలి మొదలయ్యాక కిటికీ మూసినా దుమ్ము రావడం ఆగలేదు, ఆఖరి వార్నిష్ నాడు విమానాన్ని బోర్లించిన ప్లాస్టిక్ టబ్బు కింద దాచాను. స్టిక్కర్లు మాత్రం అద్భుతం, గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచితే జారి కూర్చున్నాయి, పసుపు మీద కూడా రంగు తేలిపోలేదు. భారత వాయుసేన గుర్తులు ఇవ్వకపోవడం నాకు నచ్చలేదు. ఇన్ని వేల మైళ్ల అవతల ఇంత వాడిన దేశానికి ఒక చిన్న కాగితం ముక్క ఇస్తే వాళ్ల సొమ్మేం పోయేది? అద్దాలకు సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి మసక పడుతుంది. నాది ఒకటి అలాగే పోయింది. ఫెవికాల్ చాలు, ఆరితే కనబడదు.

షాపు సంగతి. డబ్బా మూల నలిగి వచ్చింది, తోక చక్రం ఉండాల్సిన చోట పెట్టే చిన్న స్కిడ్ విరిగింది. ఫొటో పంపితే షాపాయన రెండు రోజులకి జవాబిచ్చాడు, తన దగ్గర విడిగా లేదని నిజం చెప్పి, తర్వాతి ఆర్డరులో వంద రూపాయలు తగ్గిస్తానన్నాడు. తగ్గించాడు కూడా. కంపెనీకి రాసిన మెయిల్‌కి మాత్రం ఇప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. స్కిడ్ నేనే గుండుసూది వంచి చేసుకున్నాను.

కొనాలా అంటే, రెండు మూడు మామూలు కిట్లు చేసి చెయ్యి తిరిగినవాళ్లు కొనండి, ఈ ధరకి ఇంత చక్కటి రెక్కలు రావు. పదేళ్ల పిల్లాడికి పుట్టినరోజు కానుకగా మాత్రం వద్దు, వాడు మళ్లీ గమ్ము సీసా ముట్టడు. గమ్ము, రంగులు, బ్రష్షులు డబ్బాలో రావు, వాటికి ఇంకో ఏడెనిమిది వందలు పక్కన పెట్టుకోండి.

ఆ తర్వాతి ఆర్డరు ఇంకో టైగర్ మాతే. ఈసారి మన గుర్తులతో చేస్తాను, నడుమ ఆకుపచ్చ, చుట్టూ తెలుపు, బయట కాషాయం, ప్రింటు తీయించాలి. కన్నాలు ముందే చేసి పెట్టుకున్నాను. కండెలో పోగు ఇంకా వంద విమానాలకు సరిపడా ఉంది, అనంతపురంలో ఎవరైనా ఇది మొదలుపెడితే అడగండి, రెండు మూరలు కోసిస్తాను.