ఆరేళ్ల తర్వాత నా సేఫ్టీ రేజర్: బరువు దానంతట అదే గీస్తుందా?

రెండంచుల బ్లేడు వేసుకునే ఈ సేఫ్టీ రేజర్ కొన్న కొత్తలో దీని గురించి చాలా గొప్పగా చెప్పాను. అప్పుడు చెప్పిన వాటిలో ఒక మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. "పిడి బరువుగా ఉంటుంది, ఆ బరువే గడ్డం గీసేస్తుంది, మనం అసలు నొక్కకూడదు" అన్న మాట అది. రెండంచుల బ్లేడుకు మారే ప్రతివాళ్లకీ ముందు చెప్పేది ఇదే. నాకూ అలాగే చెప్పారు, నేనూ ఇంకొందరికి అలాగే చెప్పాను. ఆ మాటను నమ్మి నా గొంతును దాదాపు రెండేళ్లు బాధపెట్టుకున్నాను.

చెంపల మీద ఏ ఇబ్బందీ లేదు. దవడ కింద, గొంతుకు రెండు పక్కలా మాత్రం ఒక గీత గీశాక చేత్తో తడిమితే గరుకు అలాగే ఉండేది. నొక్కకూడదు కదా అని మళ్లీ నురుగు రాసి, మళ్లీ తేలిగ్గా గీసేవాణ్ణి. ఒకే చోట అయిదారు సార్లు. సాయంత్రానికి మంట, మర్నాటికి ఎర్రటి పొక్కులు. బ్లేడు మంచిది కాదేమో అనుకుని నాలుగు రకాలు మార్చాను. సబ్బు మార్చాను. బ్లేడు చర్మానికి ముప్పై డిగ్రీల వాలులో ఉండాలంటారు కాబట్టి అద్దం ముందు ఆ కోణం కోసం తంటాలు పడ్డాను. చివరికి నా చర్మమే సున్నితమైనదని సర్దుకున్నాను. ఆ ఒక్క సలహాను మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు.

ఒక రోజు పొద్దున సబ్బు చేతిలోంచి రేజర్ జారి నేల మీద పడింది. పిడికి ఏమీ కాలేదు. బ్లేడును పట్టి ఉంచే తల భాగానికి ఉండే మరలున్న సన్నటి కడ్డీ విరిగి, పిడిలోనే ఇరుక్కుపోయింది. ఇలాంటి చాలా రేజర్లకు తల భాగాన్ని జింక్ మిశ్రమంతో పోతపోసి పైన క్రోమ్ పూత వేస్తారు. చూడటానికి ఉక్కులాగే ఉంటుంది కానీ ఆ సన్నటి చోట దెబ్బకు ఆగదు. నేను అంతగా మెచ్చుకున్న పిడి బరువంతా వచ్చి ఆ కడ్డీ మీదే పడింది.

ప్రయాణాలకని ఎప్పుడో కొన్న ప్లాస్టిక్ పిడి రేజర్ ఒకటి వాడకుండా సంచిలో పడి ఉంది. చేతిలో ఉన్నట్టే అనిపించనంత తేలిక. అదే ప్యాకెట్‌లోని బ్లేడు దానికి వేశాను. బరువు లేదు కాబట్టి తెలియకుండానే కొద్దిగా ఆనించాను, రెండో చేత్తో చర్మాన్ని కిందికి లాగి పట్టుకున్నాను. దవడ కింద రెండు గీతలకే నున్నగా అయింది. సాయంత్రం మంట లేదు. ఏదో ఆ రోజుకి అలా కుదిరిందనుకున్నాను. వారం రోజులూ అలాగే ఉంది.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. అద్దం ముందు నిలబడినప్పుడు రేజర్ బరువు నేల వైపు లాగుతుంది. చెంప గోడలా నిలువుగా ఉంటుంది, కాబట్టి ఆ బరువు చర్మం వెంట కిందికి జారుతుందే తప్ప చర్మం మీదికి రాదు. దవడ కింద చర్మం నేల వైపే తిరిగి ఉంటుంది. అక్కడ బరువు రేజర్‌ను చర్మం నుంచి దూరంగా లాగుతుంది, ఆనించి పట్టుకోవాల్సింది చెయ్యే. సెలూన్ కుర్చీలో వెనక్కి వాలి, ముఖం పైకప్పు వైపు పెట్టి కూర్చున్న మనిషికైతే ఆ మాట సరిపోవచ్చు.

అదే రేజర్ మళ్లీ కొన్నాను, పరీక్షించి చూద్దామని. మూడు వారాలు ఎడమ వైపు అసలు నొక్కకుండా, కుడి వైపు కొద్దిగా ఆనించి గీశాను. ఒకే బ్లేడు, ఒకే సబ్బు. ఎడమ వైపే మంట. తర్వాత వైపులు మార్చాను, మంట కూడా వైపు మారింది. ఆనించడం అంటే చర్మం లోపలికి నొక్కుకుపోయేలా కాదు, తల భాగం చర్మం మీంచి లేవకుండా ఉండేటంత. చర్మం లాగి పట్టుకోవడం వల్ల వచ్చిన మేలు ఎంత, ఆనించడం వల్ల వచ్చింది ఎంత అన్నది మాత్రం నేను విడదీయలేకపోయాను.

అసలు ఈ రేజర్ పనితీరులో బరువుకు పెద్ద పాత్ర లేదు. 1904లో అమెరికన్ వ్యాపారి గిల్లెట్ పేటెంట్ పొందిన ఆలోచన ఏమిటంటే, పల్చటి రేకులాంటి బ్లేడును పట్టులో బిగించి గట్టిదనం తేవడం. ఇప్పటి బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. అంచు ఎంత బయటికి రావాలో తల ఆకారమే తేలుస్తుంది. ఆ తల చర్మానికి ఆని ఉంటేనే వెంట్రుక అనుకున్నట్టు తెగుతుంది.

వేడినీళ్లతో చర్మ రంధ్రాలు తెరుచుకుంటాయన్న మాటను కూడా ఈ పరీక్షలప్పుడే వదిలేశాను. తెరుచుకోవడానికి, మూసుకోవడానికి వాటికి కండరాలు లేవు. వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడటమే అసలు సంగతి. మామూలు నీళ్లతో తడిపినా రెండు మూడు నిమిషాలు ఆగితే నాకు తేడా తెలియలేదు.

ఇదంతా నా గడ్డం సంగతి. నాది ముతక వెంట్రుక, ఉంగరాలు తిరగదు, రోజు విడిచి రోజు గీస్తాను. వెంట్రుక మెలి తిరిగి మళ్లీ చర్మంలోకి పెరిగేవాళ్లు నేను చేసినట్టు చర్మం లాగిపట్టి గీయకండి, వెంట్రుక పెరిగే దిక్కుకు ఎదురుగా అసలే గీయొద్దు. వెంట్రుక అంత లోతుగా తెగడమే వాళ్లకు పొక్కులు తెస్తుంది. మూడు నాలుగు బ్లేడ్ల రేజర్‌తో గట్టిగా నొక్కడం అలవాటైనవాళ్లకు మొదటి నెలలో "నొక్కొద్దు" అన్న సలహా నిజంగానే పనికొస్తుంది, చర్మం తెగకుండా కాపాడుతుంది. ఆ నెల దాటాక కూడా దాన్నే పట్టుకుని ఉండటం నాకు చెడు చేసింది.

ఇంట్లో ఇప్పటికీ బరువైన రేజరే వాడుతున్నాను, చెంపల మీద అది సాఫీగా జారే తీరు నాకు ఇష్టం. గొంతు దగ్గరికి వచ్చేసరికి పిడి చివర వదిలేసి, తలకు దగ్గరగా పట్టుకుంటాను. ప్రయాణంలో మాత్రం ఆ ప్లాస్టిక్ పిడిదే.